నాలుగు కన్సోళ్లు, ఒక ఇల్లు: ప్లాన్ పెంచే ముందు తీగ లాగండి

ముందు మీ ప్రశ్నని నేను అర్థం చేసుకున్నట్టు చెప్తాను, తేడా ఉంటే దిద్దండి. అంబాజీపేట దగ్గర ఊళ్లో ఇల్లు. ముందు పాత మండువా పెంకుటిల్లు, దాన్ని ఆనుకుని మేడ గది ఉన్న డాబా, పెరట్లో కొబ్బరి చెట్ల అవతల కొత్తగా కట్టిన ఒంటి గది. హాల్లో మీ పీఎస్5, మేడ మీద తమ్ముడి పాత పీఎస్4, సంక్రాంతికి మీ బావమరిది గారి పిల్లలు హైదరాబాద్ నుంచి తెచ్చుకునే ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌లు రెండు. ఒక్కరు ఆడితే బాగానే ఉంటుంది. ముగ్గురు కూర్చుంటే ఆట ఆగి ఆగి నడుస్తుంది. రెండు ఎక్స్‌బాక్స్‌లలో ఒకటి పార్టీలోకి (స్నేహితులు కలిసి మాట్లాడుకుంటూ ఆడే గుంపులోకి) చేరనివ్వదు. 100 ఎంబీపీఎస్ ప్లాన్ నుంచి 300కి మారినా ఏమీ మారలేదు. ఇప్పుడు 500 ప్లాన్ తీసుకోవాలా, ఖరీదైన గేమింగ్ రౌటర్ కొనాలా అని అడిగారు.

ఇప్పటికి రెండూ వద్దండి. పద్దెనిమిదేళ్లుగా అమలాపురం, రాజోలు, పాలకొల్లు చుట్టుపక్కల ఇళ్లకి నెట్‌వర్క్ తీగలు లాగుతున్నాను. ఆట ఆగుతోందని పిలిచిన ఇళ్లలో స్పీడు చాలకపోవడం చాలా అరుదుగా చూశాను. ఆన్‌లైన్ ఆట నడుస్తున్నప్పుడు ఒక కన్సోల్ వాడుకునేది మామూలుగా ఒకటీ రెండు ఎంబీపీఎస్ కూడా ఉండదు. నాలుగూ కలిపినా మీ పాత 100 ప్లాన్‌లో ఒక మూలకి రావు. స్పీడు కావాల్సింది డౌన్‌లోడ్‌కి. ఆటకి కావాల్సింది మాటకి మాట వెంటనే అందడం.

మన కాలువల లెక్కలో చెప్పుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. ప్రధాన కాలువ నిండా నీళ్లున్నా మీ చేలోకి రావాలంటే తూము దగ్గర మీ వంతు రావాలి. పై రైతు బోదెకి అడ్డం వేసుకుని తన చేను పూర్తిగా తడుపుకునేదాకా వదలకపోతే, కాలువ ఎంత వెడల్పున్నా మీ చేను ఎండుతుంది. మీరు ఇప్పటిదాకా కాలువ వెడల్పు చేశారు. ఇబ్బంది బోదెలో ఉంది, తూము దగ్గర వంతులో ఉంది.

అది ఎక్కడుందో డబ్బు ఖర్చు పెట్టకముందే తెలుసుకోవచ్చు. ఒక లాప్‌టాప్ తీసుకుని పిల్లలు ఆడే చోటే కూర్చోండి. కమాండ్ ప్రాంప్ట్‌లో మీ రౌటర్ అడ్రస్‌కి, చాలా ఇళ్లలో 192.168.1.1, పింగ్ (చిన్న సందేశం పోయి తిరిగి రావడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో చూపే పరీక్ష) ఆపకుండా పెట్టండి. ఇంకో విండోలో 8.8.8.8కి, అంటే బయట ఉన్న గూగుల్ సర్వర్‌కి, పెట్టండి. పది నిమిషాలు అలా వదిలేసి మిగతావాళ్లని ఆడమనండి. రౌటర్‌కే పింగ్ 3 నుంచి 80కి, 80 నుంచి 200కి గెంతుతుంటే జబ్బు ఇంట్లోనే, వై-ఫైలోనే ఉంది. రౌటర్‌కి నిలకడగా ఉండి బయటిది మాత్రమే గెంతుతుంటే వంతుల గొడవ. రెండూ బాగుండి ఆట ఒక్కటే ఆగితే ఆ ఆట సర్వర్ ఎక్కడుందో చూడాలి. గాజు తీగలో వెలుగు సెకనుకి రమారమి రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. ముంబై సర్వర్ మనకి వెయ్యి కిలోమీటర్ల దూరం అనుకున్నా పోయి రావడానికే 10 మిల్లీసెకన్లు. తీగ దారి తిన్నగా ఉండదు, మధ్యలో ఆగే చోట్లుంటాయి, కాబట్టి మన వైపు నేను చూసిన ఇళ్లలో 25 నుంచి 45 మధ్య వస్తుంది. సింగపూర్ సర్వర్ తగిలితే 60 పైమాటే. ఆ దూరాన్ని ఏ రౌటరూ తగ్గించలేదు, పెట్టె మీద ఏం రాసి ఉన్నా సరే.

మీ ఇల్లు చూడకపోయినా ముందు తీగ గురించే మాట్లాడతాను. పాత మండువా ఇళ్ల గోడలు అడుగున్నర మందం ఉంటాయి, ఇటుక, సున్నం. 5 గిగాహెర్ట్జ్ వై-ఫై అలాంటి గోడలు రెండు దాటేసరికి చచ్చిపోతుంది. 2.4 గిగాహెర్ట్జ్ దాటుతుంది కానీ ఒకదాని మీద ఒకటి పడకుండా అందులో వాడుకోగలిగే చానళ్లు మూడే, 1, 6, 11. పక్కింటివాళ్లూ వాటిలోనే ఉంటారు. మీ తమ్ముడి పీఎస్4 మొదటి మోడల్ అయితే దానికి 2.4 ఒక్కటే తెలుసు, 5 గిగాహెర్ట్జ్ రేడియో అందులో లేనే లేదు. స్లిమ్ నుంచి వచ్చింది. సిరీస్ ఎస్‌కి వై-ఫై 5, పీఎస్5కి వై-ఫై 6 ఉన్నాయి. కానీ నాలుగింటికీ వెనకాల గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) లాన్ పోర్ట్, అంటే నెట్‌వర్క్ తీగ గుచ్చే చోటు, ఉంది. వై-ఫై గాలిలో ఒక్కసారికి ఒక్కరే మాట్లాడగలరు, మిగతావాళ్లు ఆగాలి. తీగలో ఎవరి దారి వాళ్లది.

కాబట్టి మోడెమ్ ఉన్న చోటి నుంచి హాల్లో టీవీ దగ్గరికి ఒక తీగ, మేడ గదికి ఒక తీగ లాగించండి. పిల్లలు కూర్చునే చోట ఒక ఐదు పోర్టుల గిగాబిట్ నెట్‌వర్క్ స్విచ్ పెడితే మూడు నాలుగు కన్సోళ్లు దానికే తగిలించుకోవచ్చు. దానికి సెట్టింగులు ఏమీ అక్కర్లేదు. మామూలు మేనేజ్‌మెంట్ లేని స్విచ్ చాలు, వెయ్యి, పదిహేను వందల రూపాయల్లో దొరుకుతుంది.

తీగ విషయంలో మాత్రం రాజీ పడొద్దు. క్యాట్ 6 అని పెట్టె మీద రాసి ఉన్నంత మాత్రాన సరిపోదు, అది స్వచ్ఛమైన రాగి అయి ఉండాలి. మన బజార్లో రాగి పూత పూసిన అల్యూమినియం తీగ కూడా అదే పేరుతో అమ్ముతారు. కొట్లోనే ఒక చిన్న ముక్క తీసుకుని బ్లేడుతో పైపొర గీకి చూడండి. లోపల తెల్లగా మెరిస్తే అల్యూమినియం, ఎర్రగానే ఉంటే రాగి. అల్యూమినియం తీగ నాలుగుసార్లు వంచితే విరుగుతుంది, కొన్నాళ్లకి కనెక్టర్ దగ్గర పట్టు వదులుతుంది. పొడవు 100 మీటర్ల లోపు ఉంటే చాలు కాబట్టి మీ ఇంట్లో దూరం సమస్యే కాదు.

అటక మీదుగా తీగ పోనిస్తే పీవీసీ పైపులోనే పోనివ్వండి. పెంకుల కింద ఉడుతలు, ఎలుకలు ఒక్క ఏడాది కూడా ఓపిక పట్టవు. కరెంటు వైరింగ్ పక్కనే కట్టకుండా ఒక అడుగు ఎడం ఉంచండి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి.

కనెక్టర్ గురించి ఒక అనుభవం చెప్పాలి. రెండేళ్ల క్రితం అంతర్వేది దగ్గర ఒక ఇంట్లో, కొత్త రాగి తీగ, కొత్త స్విచ్, అయినా కన్సోల్‌లో డౌన్‌లోడ్ 94 దగ్గర ఆగిపోతోంది. ప్లాన్ 300. ఇంటాయన ఆపరేటర్‌తో రోజూ తగాదా. నేను టార్చి వేసి కనెక్టర్ లోపల చూశాను. ఎనిమిది పిన్నుల్లో నాలుగోది పచ్చగా ఉంది. సముద్రపు గాలికి చిలుము పట్టింది. నెట్‌వర్క్ తీగలో మనం మామూలుగా వాడే వరస తెల్ల-నారింజ, నారింజ, తెల్ల-ఆకుపచ్చ, నీలం, తెల్ల-నీలం, ఆకుపచ్చ, తెల్ల-గోధుమ, గోధుమ. 100 ఎంబీపీఎస్‌కి ఒకటి, రెండు, మూడు, ఆరు పిన్నులు చాలు. గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. నాలుగోదైన నీలం తీగ అందకపోయేసరికి రెండు వైపులా మాట్లాడుకుని 100కి దిగిపోయాయి, లింకు మాత్రం తెగలేదు. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. చివర కత్తిరించి బంగారు పూత బాగా ఉన్న కనెక్టర్‌తో మళ్లీ క్రింప్ చేస్తే ఐదు నిమిషాల్లో సరిపోయింది. మీకు ఎప్పుడైనా స్పీడు 94, 95 దగ్గర గీత గీసినట్టు ఆగితే ఆపరేటర్‌కి ఫోన్ చేసే ముందు కనెక్టర్లు చూసుకోండి. మీది సముద్రానికి కొంచెం దూరమే అయినా కోనసీమ తేమ తక్కువేమీ కాదు.

ఫోన్లకి, టాబ్లెట్లకి వై-ఫై ఎలాగూ కావాలి. మేడ మీదకి తీగ వెళ్తుంది కాబట్టి మీ దగ్గర పాత రౌటర్ ఉంటే దాన్ని అక్కడ యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే తీగలో వచ్చిన నెట్‌ని వై-ఫైగా ఇచ్చే పని మాత్రమే చేసేలా, పెట్టండి. రిపీటర్ మాత్రం కొనొద్దు, అది విన్న మాటే మళ్లీ గాలిలో చెప్తుంది కాబట్టి గాలి రెండింతలు నిండుతుంది. కింద మోడెమ్‌ని ఇనప బీరువా వెనక నుంచి తీసి గోడ మీద మనిషెత్తున పెట్టించండి. ఎందుకు బీరువా అంటున్నానంటే, పది ఇళ్లకి ఆరు ఇళ్లలో అక్కడే ఉంటుంది.

ఇక ఎక్స్‌బాక్స్ పార్టీలో చేరనివ్వకపోవడం. దీనికి రెండు కారణాలు కలిసి ఉండొచ్చు.

మొదటిది, మీరు ఆపరేటర్ ఇచ్చిన ఫైబర్ మోడెమ్‌కి మీ సొంత రౌటర్ తగిలించానని రాశారు. మోడెమ్ కూడా రౌటరే. ఇంటికి వీధి గుమ్మం దగ్గర ఒకరు, మండువా గుమ్మం దగ్గర ఇంకొకరు కాపలా కూర్చుని, ఒకరు లోపలికి రమ్మన్న మనిషిని రెండో ఆయన ఎవరు నువ్వు అని ఆపినట్టు ఉంటుంది. ఇంట్లోని అడ్రస్‌లని బయటి ఒక్క అడ్రస్‌గా మార్చే ఈ కాపలా పనిని నాట్ అంటారు, అది రెండు చోట్ల జరిగితే డబుల్ నాట్. ఆపరేటర్‌ని అడిగి మోడెమ్‌ని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టించండి, అప్పుడు మీ రౌటర్ ఒక్కటే కాపలా. వాళ్లు కుదరదంటే మీ రౌటర్‌నే యాక్సెస్ పాయింట్‌గా మార్చండి. ఏదో ఒకటే ఉండాలి.

రెండోది, ఎక్స్‌బాక్స్‌లు రెండూ బయటి ప్రపంచంతో మాట్లాడటానికి 3074 అనే యూడీపీ పోర్ట్‌నే (ఇది తీగ గుచ్చే పోర్ట్ కాదు, రౌటర్‌లో అంకె వేసిన తలుపు లాంటిది) అడుగుతాయి. మొదట లేచింది తీసుకుంటుంది, రెండోదానికి తలుపు మూసి ఉంటుంది. మీ రెండు ఎక్స్‌బాక్స్‌లలో ఏది ఆలస్యంగా ఆన్ చేస్తే దానికే ఇబ్బంది వస్తోందేమో గమనించండి. అలా అయితే ఇదే కారణం. రౌటర్‌లో యూపీఎన్‌పీ (కన్సోల్ తనకి కావాల్సిన తలుపు తానే అడిగి తెరిపించుకునే సదుపాయం) ఆన్ చేయండి, నాలుగు కన్సోళ్లకీ ఐపీ అడ్రస్ రిజర్వ్ చేయండి, అంటే దేనికి ఎప్పుడూ అదే అడ్రస్ వచ్చేలా. తర్వాత ఒక ఎక్స్‌బాక్స్‌లో నెట్‌వర్క్ సెట్టింగుల్లో అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్తే ఆల్టర్నేట్ పోర్ట్ సెలెక్షన్ అని ఉంటుంది, అక్కడ మాన్యువల్‌గా ఇంకో పోర్ట్ ఎంచుకోండి. మార్చాక ముందు బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుని పూర్తిగా ఆపి లేపండి. నిద్ర మోడ్ నుంచి లేపితే పాత సంగతులే పట్టుకుని ఉంటుంది. తర్వాత నాట్ ఓపెన్ అని రావాలి, మోడరేట్ అయినా చాలావరకు నడుస్తుంది. స్ట్రిక్ట్ అని ఉన్నది ఓపెన్ వాళ్లతో మాత్రమే కలవగలదు, మీ పిల్లల ఏడుపు అదే. ప్లేస్టేషన్లలో అయితే నాట్ టైప్ 2 వస్తే చాలు, టైప్ 1 కోసం పాకులాడక్కర్లేదు.

ఇవన్నీ చేసినా స్ట్రిక్ట్ పోకపోతే రౌటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ, అంటే ఆపరేటర్ మీ రౌటర్‌కి ఇచ్చిన బయటి వైపు అడ్రస్, చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీ ఆపరేటర్ ఒక్క పబ్లిక్ అడ్రస్‌ని చాలా ఇళ్లకి పంచుతున్నారు. అడ్రస్‌ల కొరత వల్ల చాలామంది అలాగే చేస్తారు, అది తప్పని నేననను. కానీ అప్పుడు మీ ఇంట్లో పోర్ట్ ఫార్వర్డింగ్ (ఫలానా తలుపు ఫలానా కన్సోల్‌కి అని రౌటర్‌లో రాసిపెట్టడం) ఎంత చేసినా వృథా, ఎందుకంటే అసలు వీధి గుమ్మం మీ ఇంట్లో లేదు. ఐపీవీ6 (కొరత లేని కొత్త రకం అడ్రస్‌లు) ఇస్తున్నారేమో అడిగి ఆన్ చేయించండి, ఎక్స్‌బాక్స్ దాన్ని వాడుకుంటుంది. లేకపోతే విడిగా కొంత కట్టి స్టాటిక్ ఐపీ, అంటే మీ ఒక్కరికే ఇచ్చే మారని పబ్లిక్ అడ్రస్, తీసుకోండి. మీరు ప్లాన్ పెంచడానికి పెట్టబోయిన డబ్బు ఇక్కడ పెడితే పనికొస్తుంది. డీఎంజెడ్‌లో (బయటి నుంచి వచ్చేదంతా ఒకే పరికరానికి వదిలే సెట్టింగ్‌లో) పెట్టేయమని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు. అది ఒక్క పరికరానికే పనిచేస్తుంది, మీవి నాలుగు.

ఇప్పుడు వంతుల సంగతి. సంక్రాంతికే ఎందుకు ఎక్కువ ఇబ్బంది పడుతున్నారో ఇందులోనే ఉందని నా గట్టి అనుమానం. మీ ఊరికి దగ్గర్లోనే మరో ఇంట్లో ఒక కనుమ రోజు రాత్రి ఎనిమిదింటికి నన్ను పిలిచారు. పొద్దున్నుంచి బాగా నడిచిన ఆట ఉన్నట్టుండి నడవట్లేదు. పింగ్ పెట్టి చూస్తే 35 ఉండాల్సింది 600 చూపిస్తోంది. ఇంట్లో ఎవరూ ఏమీ డౌన్‌లోడ్ చేయడం లేదు. రౌటర్ పేజీలో చూస్తే తొమ్మిది ఫోన్లు అప్‌లోడ్ చేస్తున్నాయి. అప్పుడే అందరూ జగ్గన్నతోట ప్రభల తీర్థం నుంచి తిరిగొచ్చారు. ప్రభలు కౌశిక నీళ్లలోంచి దాటే వీడియోలు ప్రతివాళ్లూ తీశారు. ఇంటి వై-ఫై తగలగానే ఫోన్లన్నీ వాటంతటవే ఫొటోల బ్యాకప్ మొదలుపెట్టాయి. ఎవరి తప్పూ లేదు, ఎవరికీ తెలియను కూడా తెలియదు.

అప్‌లోడ్ దారి నిండినప్పుడు మోడెమ్ కొత్తగా వచ్చిన ప్యాకెట్లని (నెట్‌లో డేటా పోయే చిన్న ముక్కల్ని) పారేయకుండా పోగేసుకుంటుంది. మంచిదే అనిపిస్తుంది. కానీ మీ పిల్లాడు బటన్ నొక్కిన చిన్న ప్యాకెట్ ఆ వీడియో ప్యాకెట్లన్నిటి వెనక వరసలో నిలబడాలి. దాని వంతు వచ్చేసరికి అర సెకను. ఈ జబ్బు పేరు బఫర్‌బ్లోట్. దీనికి మందు 2012లో కాథ్లీన్ నికోల్స్, వాన్ జేకబ్సన్ ప్రకటించిన కోడెల్ అనే పద్ధతితో దొరికింది. వరస ఎంత పొడవుందని కాకుండా ప్యాకెట్ ఎంతసేపు ఆగిందని చూస్తుంది, ఎక్కువసేపు ఆగుతుంటే కొన్నిటిని వదిలేసి పంపేవాళ్లని నెమ్మదించేలా చేస్తుంది. తర్వాత వచ్చిన ఎఫ్‌క్యూ-కోడెల్, కేక్ అనేవి దానికి తోడు ఒక్కో సంభాషణకీ విడి వరస పెట్టి వంతులవారీగా వదుల్తాయి. చిన్నగా మాట్లాడే ఆట ప్యాకెట్ ఎప్పుడూ ముందుకొస్తుంది.

రౌటర్ కొనాలనుకుంటే ఈ ఒక్క పని కోసం కొనండి. పెట్టె మీద ఆరు యాంటెన్నాలు, రంగు దీపాలు చూడొద్దు, ఎస్‌క్యూఎమ్ (కేక్ లాంటి పద్ధతులతో వరసని చక్కబెట్టే సదుపాయం) ఉందా లేదా చూడండి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రౌటర్ సాఫ్ట్‌వేర్ వేసుకోగలిగే రౌటర్లలో అది దొరుకుతుంది. పెట్టే పద్ధతి ఏమిటంటే, ఇంట్లో ఎవరూ వాడనప్పుడు తీగ మీద డౌన్‌లోడ్, అప్‌లోడ్ రెండూ కొలవండి. అప్‌లోడ్ తప్పకుండా విడిగా చూడండి, ప్లాన్ పేరులో అంకె ఒక్కోసారి డౌన్‌లోడ్‌ది మాత్రమే. వచ్చినదాంట్లో 90 శాతం పరిమితిగా ఇవ్వండి. 300 వస్తే 270. ఆ పది శాతం వదులుకోవడం దేనికంటే, వరస మోడెమ్ దగ్గర కాకుండా మీ రౌటర్ దగ్గర పడాలి, అప్పుడే వంతులు మీ చేతిలో ఉంటాయి. 300 స్పీడులో ఈ పని చేయాలంటే రౌటర్ ప్రాసెసర్ గట్టిది ఉండాలి. చవక రౌటర్‌లో పెడితే స్పీడే సగానికి పడిపోతుంది, అప్పుడు తప్పు మందుది అనుకోకండి. హార్డ్‌వేర్ ఆఫ్‌లోడింగ్ (ప్యాకెట్లని ప్రాసెసర్ చూడకుండా చిప్ నేరుగా దాటించడం) ఆన్‌లో ఉంటే ఆపేయాలి, లేకపోతే ప్యాకెట్లు ఎస్‌క్యూఎమ్‌ని తప్పించుకుని పోతాయి.

ఇప్పుడే కొనలేమంటే, పండగ మూడు రోజులూ ఇంట్లో అందరి ఫోన్లలో బ్యాకప్ ఆపి, రాత్రి పడుకునే ముందు ఆన్ చేసుకోమనండి. నమ్మండి, సగం సమస్య అక్కడే పోతుంది.

డౌన్‌లోడ్‌ల గురించి ఒక చిన్న మాట. రెండు సిరీస్ ఎస్‌లలో ఒకే ఆట కావాలంటే రెండుసార్లు దింపుకోవద్దు. ఎక్స్‌బాక్స్‌లో బ్యాకప్ అండ్ ట్రాన్స్‌ఫర్ కింద నెట్‌వర్క్ ట్రాన్స్‌ఫర్ ఉంటుంది, ఒకదాంట్లో అనుమతి ఇచ్చి రెండోదాంట్లో కాపీ చేసుకోవచ్చు. రెండూ ఒకే స్విచ్‌కి తీగతో ఉంటే 50 జీబీ ఆట ఇంటర్నెట్ తాకకుండానే వచ్చేస్తుంది. అదే 100 ప్లాన్‌లో బయటి నుంచి దింపితే గంటపైనే పడుతుంది.

ఆఖరుగా పెరట్లో గది. పిల్లలు అక్కడ ఆడుకుంటే ఇంట్లో పెద్దవాళ్లకి గోల తగ్గుతుందని రాశారు, మంచి ఆలోచన. కానీ అక్కడికి మాత్రం రాగి తీగ వేయకండి. నేను ఒకసారి వేశాను. అయినవిల్లి వైపు ఒక తోటలో, ఇంటి నుంచి షెడ్డుకి నలభై మీటర్లు, చెట్లకి కట్టి. రెండు వేసవులు బాగానే నడిచింది. మూడో వేసవి మే నెలలో పక్క కొబ్బరి చెట్టు మీద పిడుగు పడింది. తీగ తెగలేదు, కనీసం కమలలేదు. కానీ రెండు చివర్లా స్విచ్ పోర్టులు, ఒక కన్సోల్ లాన్ పోర్ట్ చచ్చిపోయాయి. ఆ కన్సోల్ ఆ ఇంటి అబ్బాయి తన మొదటి జీతంతో కొనుక్కున్నది. అప్పటి నుంచి రెండు విడి కట్టడాల మధ్య రాగి వేయడం మానేశాను. గాజు తీగ, అంటే ఫైబర్, రెండు చివర్లా ఒక్కో మీడియా కన్వర్టర్ (ఫైబర్‌లో వెలుగుని మామూలు నెట్‌వర్క్ తీగకి మార్చే చిన్న పెట్టె). అదనంగా మూడు నాలుగు వేలు అవుతుంది. ఫైబర్ తీగల్లో చాలావాటికి బలం కోసం సన్నని ఉక్కు తీగ ఉంటుంది, లోహం లేనిది కావాలని అడిగి తీసుకోండి.

కరెంటు కూడా చూసుకోండి. మోడెమ్, రౌటర్, కన్వర్టర్ చాలావరకు 12 వోల్టుల మీదే నడుస్తాయి, అడాప్టర్ మీద అంకె చూసుకుని చిన్న డీసీ యూపీఎస్ పెడితే కరెంటు పోయినా నెట్ పోదు. కన్సోళ్లు ఇన్వర్టర్ మీద ఉంటే దాని వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉండాలి. మామూలు మోడ్‌లో మారేటప్పుడు పట్టే ఆ క్షణం కన్సోల్‌కి ఎక్కువ, ఆఫ్ అయి మళ్లీ లేస్తుంది, ఏదైనా సేవ్ చేస్తున్న సమయమైతే డేటా పాడవొచ్చు. పిడుగుల హెచ్చరిక ఫోన్‌కి వచ్చినప్పుడు మాత్రం యూపీఎస్‌లని నమ్ముకోకుండా ప్లగ్గులు పీకేయండి.

పెరట్లో గదికి ఫైబర్‌ని చెట్ల మీదుగా కట్టొద్దు. కొబ్బరి దింపు తీసే రోజున గెల పడినా, గాలికి మట్ట విరిగి పడినా తెగుతుంది. అడుగున్నర లోతున గొయ్యి తీసి హెచ్‌డీపీఈ పైపులో వేయండి. మన నేలలో ఆ లోతుకి వానాకాలం నీళ్లు ఊరతాయి, పైపులోకి కూడా చేరతాయి, అందుకని బయట వాడే రకం ఫైబరే తీసుకోండి. పైపు పూడ్చే ముందు లోపల ఒక నైలాన్ తాడు కూడా పొడవునా వేసి రెండు చివర్లా ముడి వేసి వదిలేయండి. ఎప్పుడైనా ఇంకో తీగ లాగాల్సి వస్తే మళ్లీ పెరడు తవ్వక్కర్లేదు.